మనవాళ్ల గురించి వికీపీడియాలో రాయాల్సి వస్తే: కొత్త వాడుకరికి దశలవారీ మార్గదర్శి

"మా నాన్నగారి పేజీ నేనే రాయొచ్చా?" "మా కంపెనీ పేజీలో తప్పుంది, సరిచేస్తే ఎవరో వెంటనే తీసేస్తున్నారు, ఏం చెయ్యాలి?" "మా కాలేజీ ప్రిన్సిపాల్ గారు పేజీ పెట్టమన్నారు, కాదనలేను." వికీపీడియాలో కొత్తగా ఖాతా తెరిచినవాళ్లు తిప్పి తిప్పి అడిగే ప్రశ్నలివి.

మూడింటిలోనూ చిక్కు ఒకటే: మనకు సంబంధం ఉన్నవాళ్ల గురించి మనమే రాయడం. దీన్ని ప్రయోజన వైరుధ్యం అంటారు. ఇంగ్లీషులో కాన్ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్, ఎక్కువమంది పొట్టిగా సీఓఐ అనేస్తారు. మీకు ఆ విషయంతో సంబంధం ఉండటం నేరం కాదు. ఆ సంబంధాన్ని దాచి రాస్తేనే గొడవ మొదలవుతుంది.

కింది మెట్లు వరసగా ఎక్కండి. చాలామంది 3వ మెట్టు వదిలేసి నేరుగా 5కి దూకుతారు, అక్కడే పడతారు. ఉదాహరణలు ఎక్కువగా తెలుగు వికీపీడియావే. ఇంగ్లీషు వికీలో పద్ధతి వేరుగా ఉన్నచోట ఆ సంగతి చెప్పాను.

## 1. ముందు తేల్చుకోండి: మీకు సంబంధం ఉందా, ఎలాంటిది?

రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ పేజీ బాగా కనిపిస్తే నాకో, నావాళ్లకో ఏమైనా ఒరుగుతుందా? రేపు ఇదే పేజీలో ఒక చెడ్డ వార్త, సరైన ఆధారంతోనే, చేరితే నాకు రాత్రి నిద్ర పడుతుందా? మొదటిదానికి అవునని, లేదా రెండోదానికి కాదని జవాబు వస్తే మీకు సంబంధం ఉన్నట్టే.

డబ్బు సంబంధం. ఉద్యోగి, యజమాని, పీఆర్ ఏజెన్సీ, ఫ్రీలాన్స్ రచయిత, సినిమావాళ్ల సోషల్ మీడియా చూసే కుర్రాడు, అందరూ ఇందులోకే వస్తారు. "నాకు వికీలో రాసినందుకు విడిగా ఏమీ ఇవ్వలేదు" అనే వాదన నిలవదు. ఆఫీసు పనిలో భాగంగా రాస్తే అది డబ్బు తీసుకుని రాసినట్టే. స్టైపెండ్ లేని ఇంటర్న్ అయినా, సారు చెబితే రాశాడంటే ఇదే లెక్క.

బంధం. అమ్మా నాన్నా, భార్య, భర్త, మేనమామ, గురువుగారు, దగ్గరి స్నేహితుడు. మీ గురించి మీరే రాసుకోవడం కూడా ఇందులోదే, పైగా అన్నిటికంటే కష్టమైనది.

పగ. దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. మీరు మానేసిన కంపెనీ, మీరు కోర్టుకెక్కిన ఆస్పత్రి, ఎన్నికల్లో మీ అన్నయ్య మీద నిలబడ్డ అభ్యర్థి. వీళ్ల పేజీల్లో మీరు చేర్చే "వివాదాలు" విభాగానికి కూడా ఇవే నియమాలు వర్తిస్తాయి.

అభిమానం. ఇది మామూలుగా సీఓఐ కిందికి రాదు. మీ ఊరి పేజీలో చెరువు గురించీ, బడి గురించీ రాయండి, ఎవరూ అడ్డుపడరు. మీ హీరో పేజీలో సినిమాల జాబితా సరిచెయ్యండి. కానీ అభిమాన సంఘం కార్యదర్శి అయితే, గుడి కమిటీలో సభ్యులైతే, పూర్వ విద్యార్థుల సంఘం నడుపుతుంటే అభిమానం కాస్తా సంబంధమైపోతుంది.

ఊరి పేజీల్లో ఒక సందు ఉంది: "గ్రామ ప్రముఖులు" అనే విభాగం. నేను జారిపడింది అక్కడే. మా తాతయ్య నాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఖాతా తెరిచిన రెండో రోజే ఆయన పేరు అక్కడ చేర్చాను. తెల్లారేసరికి లేదు. మార్పు సారాంశంలో (ప్రతి మార్పుకూ కారణం రాసే చిన్న గడిలో) "మూలం లేదు" అని రెండే మాటలు. నాకు ఒళ్లు మండింది. "ఆయన గురించి మీకేం తెలుసు" అని రాసి మళ్లీ పెట్టాను, మళ్లీ పోయింది. మూడోసారి నా చర్చ పేజీలో (ప్రతి వ్యాసానికీ, ప్రతి వాడుకరికీ మాట్లాడుకోవడానికి ఇలాంటిదొకటి ఉంటుంది) ఒకాయన నెమ్మదిగా అడిగారు: "ఆయన మీకు బంధువా?" రెండు రోజులు జవాబివ్వలేదు. ఈ వ్యాసంలోని సలహాల్లో సగం ఆ రెండు రోజుల్లో నేర్చుకున్నవే.

## 2. ఖాతా సరిగ్గా పెట్టుకోండి

ఖాతా మనిషిది, సంస్థది కాదు. కాలేజీ పేరుతోనో, కంపెనీ పేరుతోనో వాడుకరి పేరు పెట్టుకోవద్దు. ఇంగ్లీషు వికీలో అలాంటి పేర్లను నిరోధిస్తారు. ఆఫీసులో నలుగురు ఒకే పాస్‌వర్డ్ పంచుకోవడం కూడా కుదరదు.

మీ అసలు పేరు పెట్టాల్సిన అవసరం లేదు, కలం పేరు చాలు. ఒక ఖాతా తెరిస్తే అన్ని భాషల వికీల్లోనూ అదే పనిచేస్తుంది. అంటే ఇంగ్లీషులో మీరు చేసిన పని తెలుగువాళ్లకు, తెలుగులో చేసింది ఇంగ్లీషువాళ్లకు కనిపిస్తూనే ఉంటుంది.

రెండో ఖాతా తెరిచి, మొదటి ఖాతాతో రాసినదాన్ని దానితో మెచ్చుకోవడం, పేజీ ఉంచాలా తీసెయ్యాలా అని తేల్చే తొలగింపు చర్చకు వాట్సాప్ గ్రూపులోని పాతికమందిని పిలిచి "ఉంచాలి" అని రాయించడం: ఈ రెండూ ఖాతాను పోగొట్టే దగ్గరిదారులు. సాంకేతిక వివరాలు చూసి ఒకే మనిషి నడిపే ఖాతాలను పట్టుకునే అధికారం కొందరు నమ్మకమైన వాడుకరులకు ఉంటుంది. అయినా చాలాసార్లు అంతదూరం వెళ్లక్కర్లేదు. పాతిక ఖాతాలూ ఒకే రోజు పుట్టి, ఒకే వాక్యం రాస్తే ఎవరికి అర్థం కాదు?

## 3. ముందే చెప్పేయండి

డబ్బు సంబంధం ఉంటే ఇది సలహా కాదు, తప్పనిసరి. వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ వాడుక నియమాల్లో 2014 జూన్‌లో ఈ షరతు చేరింది. చెప్పాల్సినవి మూడు: డబ్బు ఇచ్చేది ఎవరు, ఎవరి కోసం రాస్తున్నారు, ఆ పనికి సంబంధించి మీకున్న ఇతర అనుబంధం ఏమిటి. ఏజెన్సీలో పనిచేస్తుంటే ఏజెన్సీ పేరు ఒక్కటే చెబితే సరిపోదు, క్లయింటు పేరు కూడా చెప్పాలి.

చెప్పే చోట్లు కూడా మూడే: మీ వాడుకరి పేజీ (మీ ఖాతా పేరుతో ఉండే పేజీ), ఆ వ్యాసం చర్చ పేజీ, మార్పు సారాంశం. నియమం ప్రకారం వీటిలో ఒక్కచోట చెప్పినా చాలు. నేనైతే మొదటి రెండు చోట్లా పెట్టమంటాను. ఆరు నెలల తర్వాత ఎవరైనా అడిగితే వేలుపెట్టి చూపించొచ్చు.

వాడుకరి పేజీలో ఇలా రాస్తే చాలు:

> నేను ఫలానా సంస్థలో ప్రచార విభాగంలో ఉద్యోగిని. ఆ సంస్థకు సంబంధించిన వ్యాసాల్లో నేను నేరుగా మార్పులు చెయ్యను, చర్చ పేజీలో అడుగుతాను.

బంధువుల విషయమైతే ఇంకా చిన్నగా:

> ఈ వ్యాసంలోని వ్యక్తి నాకు దగ్గరి బంధువు.

కొడుకా, కోడలా అన్నది చెప్పాల్సిన పనిలేదు. ఫోన్ నంబరు, ఆధార్ కార్డు, ఇంటి చిరునామా ఎవరూ అడగరు. ఎవరైనా అడిగినా ఇవ్వకండి. వికీలో రాసిన ప్రతి అక్షరం పేజీ చరిత్రలో తేదీ, సమయంతో సహా నిలిచిపోతుంది. తర్వాత చెరిపినా పాత కూర్పులో కనిపిస్తూనే ఉంటుంది.

ఇంగ్లీషు వికీలో దీనికి ప్రత్యేకంగా మూసలు (పేరు రాస్తే చాలు, తయారుగా ఉన్న పెట్టె పేజీలో పడుతుంది) ఉన్నాయి: వాడుకరి పేజీకి "పెయిడ్" మూస, చర్చ పేజీకి "కనెక్టెడ్ కంట్రిబ్యూటర్" మూస. తెలుగులో మామూలు వాక్యం చాలు.

## 4. అసలు పేజీ నిలుస్తుందా, చూసుకోండి

ఈ మెట్టు మీద ఎక్కువసేపు కూర్చోండి. కొత్తవాళ్లు నెలల తరబడి కష్టపడి రాసి పోగొట్టుకునేది ఇది చూసుకోకనే.

మా పెదనాన్న కొడుకు ఒక జూనియర్ కాలేజీ నడుపుతున్నాడు. ఒకరోజు ఫోన్ చేశాడు.

"ఏరా తమ్ముడూ, నువ్వు వికీపీడియాలో రాస్తావంట కదా. మన కాలేజీకి ఒక పేజీ పడెయ్యి."

"అన్నా, కాలేజీ గురించి పేపర్లో ఏమన్నా వచ్చిందా?"

"ఎందుకు రాలేదు? ఏటా రిజల్ట్స్ మర్నాడు ఫుల్ పేజీ!"

"అది మనం డబ్బు కట్టి వేయించుకున్నది కదన్నా."

అన్న కాసేపు మాట్లాడలేదు. వికీకి కావాల్సింది, మీరు డబ్బివ్వకుండా, మీరు చెప్పింది చెప్పినట్టు వెయ్యకుండా, ఎవరో స్వతంత్రంగా రాసిన వివరమైన కథనం. అదీ ఒక్కటి సరిపోదు.

దొరికిన ఆధారాలన్నీ ఒక కాగితం మీద రాసి, వీటిని కొట్టెయ్యండి:

- ప్రకటనలు, "ప్రత్యేక అనుబంధం" పేరుతో వచ్చిన ప్రచార పేజీలు
- ప్రెస్‌నోటును ఉన్నదున్నట్టు వేసిన వార్తలు
- సొంత వెబ్‌సైటు, ఫేస్‌బుక్, యూట్యూబ్ ఛానల్
- ఆయనే మాట్లాడిన ఇంటర్వ్యూలు (పుట్టిన తేదీలాంటి చిన్న వివరాలకు పనికొస్తాయి, ప్రాముఖ్యత నిరూపించడానికి పనికిరావు)
- షష్టిపూర్తి సంచికలు, అభినందన సంచికలు, సొంత ఖర్చుతో అచ్చు వేసుకున్న పుస్తకాలకు మిత్రులు రాసిన ముందుమాటలు
- జిల్లా ఎడిషన్‌లో "ఫలానావారికి సన్మానం" అని నాలుగు లైన్లు

కొట్టేశాక గట్టివి రెండు మూడైనా మిగిలితే ముందుకు వెళ్లండి. ఏమీ మిగలకపోతే ఆగిపోండి. ఆయన గొప్పవాడు కాదని దీని అర్థం కాదు. ఆయన గురించి రాసినవాళ్లు ఇంకా లేరని అర్థం.

ఆధారం ఇంటర్నెట్‌లోనే ఉండాలన్న నియమం లేదు. 1970ల నాటి పత్రిక అయినా సరే, పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు ఉంటే చాలు. లైబ్రరీలో దుమ్ము దులిపి సంపాదించిన అలాంటి మూలం ఒక్కటి పది వెబ్‌సైటు లింకుల పెట్టు.

## 5. పేజీ ఇప్పటికే ఉంటే: చెయ్యి పెట్టకండి, అడగండి

నేరుగా చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి: అక్షరదోషాలు దిద్దడం, పనిచెయ్యని లింకు సరిచెయ్యడం, ఎవరో రాసిన బూతులు తీసెయ్యడం. బతికున్న మనిషి మీద ఆధారం లేకుండా నింద రాసి ఉంటే దాన్నీ తీసెయ్యొచ్చు. అయితే సారాంశంలో కారణం రాసి, చర్చ పేజీలో చెప్పండి. మిగతాదేదైనా చర్చ పేజీలో అడగాల్సిందే.

ఎలా అడగకూడదో ముందు చూడండి:

> మా సంస్థ పేజీ మొత్తం తప్పుల తడక. సరైన సమాచారం కింద ఇస్తున్నాను. దయచేసి వెంటనే పెట్టగలరు.

దీని కింద ఆరు పేరాల బ్రోచరు. ఇది చదివిన వాడుకరి ఏం చెయ్యాలి? జీతం లేని పనికి వచ్చిన మనిషి, రాత్రి పదింటికి, ఆరు పేరాలు ఎందుకు సరిచూస్తాడు? పక్క పేజీకి వెళ్లిపోతాడు.

ఇప్పుడిది చూడండి:

> ఈ సంస్థలో నేను ఉద్యోగిని. "చరిత్ర" విభాగం రెండో వాక్యంలో స్థాపించిన సంవత్సరం 1986 అని ఉంది, దానికి మూలం లేదు. 1984 అని ఉండాలి. మూలం: ఫలానా దినపత్రిక, ఫలానా తేదీ, పేజీ 5. సరిచూసి మార్చమని కోరుతున్నాను.

సంబంధం, చోటు, ఇప్పుడున్నది, ఉండాల్సింది, ఆధారం అన్నీ అందులో ఉన్నాయి. రెండు నిమిషాల్లో తేలిపోతుంది. చివర నాలుగు టిల్డేలు (~~~~) పెడితే మీ సంతకం, సమయం వాటంతటవే పడతాయి. ఒక అభ్యర్థనలో ఒకే అంశం పెట్టండి. మూడు మార్పులు కావాలంటే మూడు శీర్షికల కింద అడగండి, లేకపోతే అభ్యంతరం ఉన్న ఒక్కదాని కోసం మిగతా రెండూ ఆగిపోతాయి.

ఇంగ్లీషు వికీలో చర్చ పేజీలో "ఎడిట్ సీఓఐ" మూస పెడితే అభ్యర్థన ఒక వరుసలోకి చేరుతుంది, వాటిని చూసేవాళ్లు ఉంటారు.

## 6. కొత్త పేజీ రాయాల్సి వస్తే

ఇంగ్లీషు వికీలో చిత్తుప్రతిగా రాసి సమీక్షకు పంపే దారి ఉంది, సంబంధం ఉన్నవాళ్లు ఆ దారినే వెళ్లాలి. తెలుగు వికీలో మీ ప్రయోగశాలలో (సాధన చేసుకునే సొంత పేజీలో) రాసి, రచ్చబండలో (అందరూ మాట్లాడుకునే చర్చావేదికలో) లింకు ఇచ్చి, "ఈ వ్యక్తి నాకు బంధువు, ఎవరైనా చూసి బాగుంటే ప్రధాన పేరుబరికి తరలించండి" అని అడగండి. ప్రధాన పేరుబరి అంటే అసలు వ్యాసాలుండే చోటు.

కాకిపిల్ల కాకికి ముద్దు. అందుకని వాక్యాన్ని అనుమానంతో చూడాలి. ఒక ఊహాజనిత ఉపాధ్యాయుడి గురించి కొడుకు రాసింది ఇది:

> ప్రముఖ విద్యావేత్త, బహుముఖ ప్రజ్ఞాశాలి శ్రీ ఫలానా గారు నిరుపేద కుటుంబంలో జన్మించి, అంచెలంచెలుగా ఎదిగి, వేలాదిమంది విద్యార్థుల జీవితాల్లో వెలుగులు నింపారు.

వికీలో నిలిచేది ఇది:

> ఫలానా 1951లో తెనాలిలో జన్మించాడు. 1978 నుంచి 2009 వరకు ప్రభుత్వ పాఠశాలల్లో గణితం బోధించాడు. 1996లో రాష్ట్ర ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారం అందుకున్నాడు.

ఒక్కో వాక్యానికి ఒక్కో మూలం. మొదటిదాంట్లో సరిచూసుకోగలిగింది ఒక్కటీ లేదు, రెండోదాంట్లో అన్నీ సరిచూసుకోవచ్చు.

"జన్మించాడు" దగ్గర చాలామంది చెయ్యి ఆగిపోతుంది. తెలుగు వికీ శైలిలో శ్రీ, గారు ఉండవు, ఏకవచనమే వాడతారు. ఎవరికైనా అంతే, ముఖ్యమంత్రులకైనా. నాన్నని "బోధించాడు", "చనిపోయాడు" అని రాయలేకపోతే సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆ పేజీ మీరు రాయకూడదని మీ చెయ్యే చెబుతోంది. ఆధారాలు పోగుచేసి ఇంకొకరికి ఇవ్వండి.

ఒక లాభం కోసం మాత్రం రాయకండి. వికీలో లింకు పెడితే గూగుల్‌లో తమ సైటు పైకొస్తుందని ఇంకా నమ్మేవాళ్లున్నారు. బయటి లింకులను లెక్కలోకి తీసుకోవద్దని సెర్చ్ ఇంజన్లకు చెప్పే గుర్తును వికీపీడియా 2007 నుంచీ తన లింకులన్నిటికీ తగిలిస్తోంది.

## 7. ఫొటోలు, సంస్థ వెబ్‌సైటులోని పాఠ్యం

ఫొటో హక్కు సాధారణంగా తీసినవాళ్లది, అందులో ఉన్నవాళ్లది కాదు. ఎవరో తీసిన నాన్నగారి ఫొటో మీ బీరువాలో ఉన్నంత మాత్రాన అది మీది కాదు. మీ ఫోన్‌తో మీరు తీసింది వికీమీడియా ఉచిత ఫొటోల భాండాగారమైన కామన్స్‌లోకి ఎక్కించడమే తేలిక. వేరేవాళ్లు తీసినదైతే వాళ్లే స్వేచ్ఛా లైసెన్సు ఇస్తున్నట్టు ఈమెయిల్ పంపాలి, దానికి కామన్స్‌లో నమూనా ఉంది.

సంస్థ వెబ్‌సైటులోని "మా గురించి" పేజీ కాపీ చెయ్యకండి. కాపీరైటు మీదే అయినా ఆ రాత ప్రకటనే.

## 8. వెనక్కి తిప్పేస్తే

మీ మార్పు పోయింది. టెన్షన్ పడొద్దు, మళ్లీ పెట్టొద్దు. ఇంగ్లీషు వికీలో 24 గంటల్లో ఒకే పేజీలో వేరేవాళ్ల మార్పులను మూడుసార్లకు మించి వెనక్కి తిప్పితే నిరోధం పడుతుంది. మూడు దాకా హక్కు ఉందని కాదు, మీలాంటి సంబంధం ఉన్నవాళ్లకు ఒక్కటే ఎక్కువ.

చరిత్ర తెరిచి సారాంశం చదవండి. చర్చ పేజీలో "ఏ మూలం అయితే సరిపోతుంది?" అని అడగండి. "ఎందుకు తీశారు?" అనే ప్రశ్నకు వచ్చే జవాబుకూ దీనికి వచ్చే జవాబుకూ చాలా తేడా ఉంటుంది.

"మా లాయరుతో మాట్లాడతాం" అని మాత్రం రాయకండి. ఇంగ్లీషు వికీలో కోర్టు బెదిరింపు చేసిన ఖాతాను, ఆ మాట వెనక్కి తీసుకునేదాకా నిరోధిస్తారు.

చెడ్డ వార్తకు సరైన ఆధారం ఉంటే అది పోదు. మీరు అడగగలిగేవి రెండు. కేసు కొట్టేశారనుకోండి, ఆ తీర్పు వార్త చూపించి చేర్చమనండి. ముప్పై ఏళ్ల సంస్థ పేజీలో సగం ఒక్క వారం గొడవే ఉంటే, దాన్ని తగ్గించమని చర్చ పెట్టండి.

## 9. ఇప్పటికే తప్పు చేసేసి ఉంటే

చెప్పకుండా రాసేశారు. ఇవాళ చెప్పండి. వాడుకరి పేజీలో సంబంధం రాసి, ఇదివరకు మార్చిన పేజీల జాబితా కూడా పెట్టండి. తనంతట చెప్పినవాళ్లతో, పట్టుబడినవాళ్లతో వికీజనం వేరేగా మాట్లాడతారు.

రెండు ఖాతాలున్నాయి. ఒకటి వదిలెయ్యండి. ఉంచుకున్న ఖాతా వాడుకరి పేజీలో వదిలేసినదాని పేరు రాయండి.

వ్యాసం పైన హెచ్చరిక మూస పెట్టారు. మీరు తియ్యకండి. అందులో చెప్పిన లోపం సరిచెయ్యడానికి అవసరమైనవి చర్చ పేజీలో ఇచ్చి, తియ్యమని ఇంకొకరిని అడగండి.

ఎవరికో డబ్బిచ్చి రాయించారు. ఏ ఖాతాతో రాశారో అడిగి, ఆ వివరాలు వికీలో బయటపెట్టమనండి. తప్పించుకుంటే మీరే చర్చ పేజీలో చెప్పండి. 2015లో ఇంగ్లీషు వికీలో ఒక ముఠా బయటపడింది: 381 ఖాతాలు నిరోధించారు, 210 వ్యాసాలు తొలగించారు. పేజీ పెడతామని డబ్బు తీసుకుని, ఆ తర్వాత దాన్ని కాపాడాలంటే నెలనెలా కట్టమని వసూలు చేశారు. "పేజీ గ్యారంటీ" అంటూ ఇప్పటికీ మెయిళ్లు వస్తూనే ఉంటాయి. అలాంటి గ్యారంటీ ఇవ్వగల అధికారం వికీలో ఎవరికీ లేదు, నిర్వాహకులకైనా.

## 10. ప్రచురించు నొక్కేముందు

- నా సంబంధం వాడుకరి పేజీలో ఉందా?
- ఇది నేరుగా చెయ్యదగ్గ చిన్న దిద్దుబాటేనా, లేక అడగాలా?
- అడుగుతుంటే, ఒక్క అంశమే అడిగానా? కచ్చితమైన వాక్యం, మూలం ఇచ్చానా?
- ప్రముఖ, సుప్రసిద్ధ, గారు, "నెంబర్ వన్" లాంటివి మిగిలాయా?
- మూలం చదివినవాళ్లకు నేను రాసిందే కనిపిస్తుందా, లేక నాకు తెలిసింది కలిపానా?
- సారాంశం ఖాళీగా లేదు కదా?

## 11. ఆ తర్వాత ఎదురుచూపు

తెలుగు వికీలో రోజూ పనిచేసేవాళ్లు కొద్దిమందే. వారం ఆగండి. జవాబు రాకపోతే రచ్చబండలో ఒక లింకు పెట్టి గుర్తుచెయ్యండి, ఒక్కసారే. ఈలోగా సంబంధం లేని పేజీల్లో పని చెయ్యండి: పక్క మండలం ఊళ్లు, మూలాలు లేని పాత వ్యాసాలు, అక్షరదోషాలు. మీ ఖాతా చరిత్రలో ఒకే ఒక్క పేరు చుట్టూ తిరిగిన మార్పులు కాకుండా నూరు మంచి మార్పులుంటే, మీ అభ్యర్థనను చూసే కన్నే వేరుగా ఉంటుంది.

మా ఊరి చర్చ పేజీలో తాతయ్య గురించి నా అభ్యర్థన ఇంకా ఉంది. దాని కింద "మూలం దొరికితే చేరుద్దాం" అన్న జవాబూ ఉంది. ఊళ్లకు తిరిగిన నాటక సమాజాల వార్తలు అప్పట్లో పత్రికలు వేసేవట. సెలవు రోజుల్లో లైబ్రరీలో పాత సంపుటాలు తిరగేస్తున్నాను. ఇప్పటిదాకా 1962 పూర్తయింది.